మగ్గం దిగని నీడ

పొద్దున నల్లా వచ్చే వేళకు కాచిగూడలోని నర్సింగమ్మ ఇంటి వాకిట్లో బిందెలు వరసకట్టేవి. బిందెల వెనక ఆడవాళ్లు, ఆడవాళ్ల వెనక వాళ్ల నీడలు. ఆండాళు వెనక మాత్రం ఏమీ ఉండేది కాదు. ఆమె నిలబడ్డ చోట ఎండ అడ్డం లేకుండా నేల మీద పడేది.

"నీ నీడ ఇంకా ఊళ్లనే ఉన్నదా?" అని అడిగేది ఇంటావిడ నర్సింగమ్మ, మీ అత్తకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా అని అడిగినట్టు.

"ఆఁ పెద్దమ్మా. మగ్గం దిగుతలేదు."

"దిగకుంటె మానె. నేను కిరాయి ఇద్దరికే చెప్పిన. అది గూడ వస్తె మళ్ల మాట్లాడుకుందాం."

వరసలో ఉన్న మిగతావాళ్లు ఆ మాటకు తల కూడా తిప్పేవాళ్లు కాదు. నల్లా ఆగిపోయేలోపు తమ బిందె నిండాలి, వాళ్ల చింతంతా అదే.

ఆండాళుది నారాయణపేట. ఆమె మామ గుర్వయ్య నేసిన చీరలకు ఆ ప్రాంతంలో పెద్ద పేరు. వాళ్ల వాడకట్టులో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునేది మగవాళ్లే. ఆడవాళ్లు పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టాలి. కోడలై వచ్చిన నాటి నుంచి ఆండాళు అదే చేసింది. చేతులు రాట్నం మీద, కళ్లు మగ్గం మీద. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ వచ్చినప్పుడు ఆమె నీడ వెళ్లి సరిగ్గా గుంత మీద పడేది. ఒకరోజు గుర్వయ్య అన్నం తిని కునుకు తీస్తుంటే ఆ నీడ గుంతలోకి దిగి, అడ్డపోగు నడిపే నాడెను చేతికి తీసుకుంది.

గుర్వయ్య లేచేసరికి జానెడు బట్ట తయారై ఉంది. వేలితో అంచు తడిమి చూశాడు. ఎర్ర అంచు మీద గుడి గోపురాలు వరసగా నిలబడి ఉన్నాయి, ఎక్కడా వంకర లేదు. ఆండాళు తల వంచుకుని రాట్నం తిప్పుతోంది. ముసలాయన చెంబెడు నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"కోడలు కూసుంటె తప్పు గని, నీడ కూసుంటె ఏం తప్పు?" అన్నాడు.

కట్టుబాటు చెడకుండా పని జరిగే ఉపాయం దొరికిందని ఆయనకు మహా సంబరం. వాడకట్టు పెద్దమనుషులూ తప్పు లేదనే అన్నారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో చీరలు నీడే నేసింది. పేరు మాత్రం గుర్వయ్యదే. ఆయన చనిపోయాక కూడా జనం వచ్చి గుర్వయ్య చీర కావాలనే అడిగేవాళ్లు. అత్త భద్రమ్మ మారు మాట్లాడకుండా మడత విప్పి చూపించేది.

గుర్వయ్య కొడుకు భిక్షపతికి మగ్గం అబ్బలేదు. ఏడు జమాతులు చదివాడు, ఆ చదువుతో ఊళ్లో చేసేదేమీ లేక అరుగుల మీద కూర్చున్నాడు. ఇంతలో తెలుగు జిల్లాలన్నీ కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడింది, హైదరాబాదు అంత పెద్ద రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు మనుషులు కావలసి వచ్చారు. భిక్షపతికి చప్రాసి పని దొరికింది.

బయలుదేరిన రోజు ఆండాళు మూట నెత్తిన పెట్టుకుని గడప దాటింది. నీడ దాటలేదు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు సగంలో ఉంది. సగంలో వదిలి లేవడం నేతగాళ్లకు అచ్చిరాదు. "అయినంక అదే వస్తది తియ్యి, బస్సు పోతది," అన్నాడు భిక్షపతి. కానీ ఒక పడుగుకు ఎనిమిది చీరలు. ఎనిమిదో చీర పూర్తికాకముందే భద్రమ్మ పాత పోగులకు కొత్త పడుగు పోగు పోగునా అతికించేసేది. ఏ నేత ఇంట్లోనైనా అంతే, మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. పాపం నీడకు లేవడానికి సందే దొరకలేదు.

హైదరాబాదు ఆండాళుకు చచ్చేంత నచ్చింది. ఎటు చూసినా కొత్త సున్నం వాసన, తారు వాసన. నవాబుల దివాణాల్లో బల్లలు వేసి ఆఫీసులు పెట్టారు. గుర్రాలు కట్టిన చోట టైపు మిషన్లు టకటకలాడుతున్నాయి. ఆదివారం వస్తే భిక్షపతి ఆమెను రెండంతస్తుల బస్సు పైఅంతస్తు ఎక్కించి, తనే కట్టించినట్టు ఊరంతా చూపించేవాడు. "గది మా ఆఫీసు. గా కిటికీ కాడ నేను నిలబడుత," అనేవాడు. ఇక్కడ ఎవరూ ఎవరి కోడలివని అడగరు. ఆ ఒక్కదానికే ఆండాళు ఈ ఊరికి దండం పెట్టింది.

ఖాళీగా ఉన్నవల్లా చేతులే. కిరాణా పొట్లాల దారమంతా అగ్గిపెట్టెలకు చుట్టేసింది. మొగుడి తలపాగా విప్పి మళ్లీ చుట్టింది. చుట్టడానికి ఇంకేమీ మిగలక, ఒకనాడు పక్కింటివాళ్ల దగ్గర గడ్డపార అడిగి తెచ్చి, గది మధ్యలో గుంత తవ్వడం మొదలుపెట్టింది. వాళ్ల ఊళ్లో ఇంట్లో చేరగానే పొయ్యికి ఒక మూల, మగ్గానికి ఒక గుంత చూసుకుంటారు. దానికి ఎవరినో అడగాలని ఆమెకు తోచనే లేదు.

చప్పుడు విని వచ్చిన నర్సింగమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో అయ్యో! కిరాయికిస్తె నా ఇంటికి బొంద తవ్వుతున్నవా?"

"బొంద గాదు పెద్దమ్మా, మగ్గం గుంత. మగ్గం లేకుంటె ఇల్లెట్లయితది?"

"ఇల్లు నాది! పూడ్చు!"

పూడ్చింది. పూడ్చినంతసేపూ ఏడ్చింది. సాయంత్రం భిక్షపతి వచ్చి, ఎగుడుదిగుడు నేలనూ పెళ్లాం ముఖాన్నీ చూసి పక్కన చతికిలబడ్డాడు. "ఊరికి పోతవా ఆండాళూ? నీ నీడ కాడికి. నిన్ను గిట్ల చూస్తె నాకు గుబులైతాంది," అన్నాడు.

"పోతె మళ్ల రాట్నమే. ఈడ ఉంటె అది గూడ లేదు," అంది ఆండాళు. "నాకు ఈ పట్నం కావాలె. మగ్గం గూడ కావాలె." ఆమె నోటి వెంట కావాలనే మాట వినడం భిక్షపతికి అదే మొదటిసారి.

చలికాలంలో పర్వతాలు అనే ఆయన వాళ్లను వెతుక్కుంటూ వచ్చాడు. నల్లగొండ మనిషి, పట్నంలో చేనేత సంఘం దుకాణం నడుపుతున్నాడు. చంకలో ఒక చీర పెట్టుకుని వచ్చాడు.

"ఇది గుర్వయ్య చీరనట. గుర్వయ్య పోయిండు గద, మరి నేస్తున్న చెయ్యి ఎవలది?"

"ఆండాళుది," అన్నాడు భిక్షపతి.

పర్వతాలు ఆమె కాళ్ల దగ్గర నేల వైపు చూశాడు. "నీడ నేస్తాందని విన్న."

"నీడ ఎవలది సారూ?" అంది ఆండాళు.

పర్వతాలు గడ్డం గోక్కుంటూ ఆమె వైపు తిరిగాడు. "చూడు చెల్లె, నుమాయిష్‌ల మా దుకాణం ముంగట గుంత తవ్వి మగ్గం పెట్టిస్త. జనం ముంగట నెయ్యాలె. నేస్తె పట్నంలనే పని, నూలు మేమిస్తం, చీరలు మేమే కొంటం. నెయ్యకుంటె ఇంకొకల్ని పిలుసుకుంట. నన్నేం అనొద్దు."

అలా ఆండాళు జీవితంలో మొదటిసారి తన సొంత కాళ్లతో గుంతలోకి దిగింది. నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్ నుమాయిష్. అక్కడ దీపాలే దీపాలు. ఒక్కో మనిషికి నాలుగేసి నీడలు పడుతున్నాయి. ఆమెకు ఒక్కటీ లేదు. కాలు కింది చెక్కను తొక్కితే చెయ్యి ఆలస్యమైంది, చెయ్యి కదిలితే కాలు మరిచింది. పోగు పుటుక్కున తెగింది. నాడె ఎగిరి ఒక పట్నపు ఆసామి బూట్ల మీద పడింది. చుట్టూ నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు.

"ఎన్నడన్న నేసినవా అమ్మా?" అని అడిగాడాయన నాడె అందిస్తూ.

"లేదు," అంది ఆండాళు. నిజమే మరి. నేత అంతా నీడ దగ్గర ఉండిపోయింది.

మూడు రోజులు అదే వరస. పర్వతాలు మంచివాడే, కానీ ముఖం మాడ్చుకున్నాడు. ఆండాళు ఆయన దగ్గరికి వెళ్లి, "మీ లారీ చీరలకు నారాయణపేటకు పోతది గద. మా అత్తమ్మకు ఒక్క మాట చెప్పమను. నా నీడను పంపమను," అంది.

"నుమాయిష్ అయిపోయేదాంక చూస్త. గంతే," అన్నాడు పర్వతాలు.

కబురు విని భద్రమ్మ చాలాసేపు గడప మీద కూర్చుంది. నీడ లేస్తే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. అది ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తర్వాత లేచి మగ్గం దగ్గరికి వెళ్లింది.

"ఏమే ఆండాళూ, విన్నవా?" అంది నీడతో.

నాడె ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. ఇంకా రెండున్నర చీరల పడుగు మిగిలి ఉంది. అతికించడానికి కొత్త పడుగు గంజి పెట్టి, చుట్టి గోడకు వేలాడుతోంది. భద్రమ్మ దాని వైపు చూసింది. తియ్యలేదు. కొంగు నడుముకు దోపుకుని, "జరుగు," అని నీడ పక్కన గుంతలోకి దిగింది.

వాడకట్టు పెద్దమనుషులు కిటికీ దగ్గర మూగారు.

"నువ్వు మగ్గమెక్కుడేంది భద్రమ్మా? నీకు నేసుడెట్ల వచ్చు?"

"జన్మంత కండెలు చుట్టిన. కండ్లకు గంతలు కట్టుకొని చుట్టిననా?" అంది భద్రమ్మ నాడె విసురుతూ. "నీడ కూసుంటె తప్పు లేదంటిరి. మరి నీడ పక్కన కూసుంటె ఏం తప్పు?"

దానికి జవాబు ఆలోచిస్తూ వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. అత్తా, కోడలి నీడా కలిసి రెండున్నర చీరలూ ముగించారు. భద్రమ్మ బట్ట కోసి, ఖాళీ మగ్గానికి దండం పెట్టి, ఇంటికి తాళం వేసింది.

కాచిగూడ స్టేషన్‌లో టికెట్లు చూసేవాడు ఆమెను ఆపాడు. ఆమె వెనక రెండు నీడలున్నాయి, ఒకటి వంగినది, ఒకటి నిటారుగా ఉన్నది.

"అవ్వా, టికెట్ ఒక్కటే ఉంది."

"నీడకు టికెట్ అడుగుతవా బిడ్డా? అది ఒక్క సీటు మీద గూడ కూసోలే, నిలబడే వచ్చింది."

వాడికి అదీ నిజమే అనిపించి వదిలేశాడు.

ఆ రోజు నుమాయిష్ ఆఖరి రోజు. ఎండ వాలుతోంది. ఆండాళు గుంతలో కూర్చుని తెగిన పోగులు ముడేస్తోంది. జనంలో భిక్షపతి ఉన్నాడు, రాకుండా ఉండలేక వచ్చిన నర్సింగమ్మ ఉంది. మోచేతులతో అందరినీ తోసుకుంటూ భద్రమ్మ ముందుకొచ్చింది. ఆండాళు లేచి కాళ్లు మొక్కబోయింది.

"మొక్కుడు తర్వాత. కూసో."

నీడ జనం కాళ్ల మధ్యలోంచి నడిచి వచ్చి గుంత అంచు దగ్గర నిలబడింది. సిగ్గుపడింది కాబోలు, అక్కడే ఆగింది. ఆండాళు చెయ్యి చాచింది. పాదాల దగ్గర చెరువు నీళ్లలో కాలు పెట్టినట్టు చల్లగా తగిలింది. ఆ చల్లదనం మోకాళ్ల దాకా, భుజాల దాకా, వేళ్ల చివర్ల దాకా ఎక్కింది.

ఆమె నాడె విసిరింది. చెక్క తొక్కింది. మళ్లీ విసిరింది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూసిందంతా, నీడ నేసిందంతా ఒక్కసారిగా ఆమె చేతుల్లోకి వచ్చి పడింది. ఆండాళు పైకే నవ్వేసింది. అప్పుడే నుమాయిష్ దీపాలన్నీ వెలిగాయి. ఒక్క నీడ నాలుగు నీడలై ఆమె చుట్టూ కూర్చుని, ఐదుగురూ ఒకే లయలో నేశారు. మొదటి గోపురం లేచింది, రెండోది లేచింది. నవ్వడానికి వచ్చినవాళ్లు పిల్లలను భుజాలకెత్తి చూపించారు.

"ఇదేం చీర?" అని అడిగిందొక ఆవిడ.

"గుర్వయ్య చీర అంటరమ్మా..." అని పర్వతాలు అలవాటుగా మొదలుపెట్టాడు.

"గుర్వయ్య పోయిండు," అంది భద్రమ్మ, చివర నిలబడ్డవాళ్లకు కూడా వినిపించేలా. "ఆయనున్నప్పుడు గూడ ఆయన నెయ్యలే. ఇది ఆండాళు చీర."

పర్వతాలు దుకాణం బోర్డు మీది సుద్ద అక్షరాలను చొక్కా చేతితో తుడిచేసి కొత్త పేరు రాశాడు. భిక్షపతి అది గట్టిగా చదివాడు, మళ్లీ చదివాడు. కళ్లు తుడుచుకుంటూ పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లకు కూడా చదివి వినిపించాడు.

మర్నాడు పొద్దున గది మధ్యలో ధబధబమని చప్పుడైతే ఆండాళు ఉలిక్కిపడి లేచింది. నర్సింగమ్మ తన సొంత గడ్డపారతో నేల తవ్వుతోంది. చెమటలు కక్కుతోంది.

"మట్టి గట్టిగనే పూడ్చినవ్ గదనే! లోతెంతుండాలె?"

"మోకాళ్లు మునిగేదాంక పెద్దమ్మా," అంది ఆండాళు తేరుకుని.

భిక్షపతి భయం భయంగా అడిగాడు. "నీడ వచ్చింది గద పెద్దమ్మా. మరి కిరాయి..."

"నీడకు కిరాయేందయ్యా, సిగ్గు లేకుండ!" అని కసిరింది నర్సింగమ్మ. నుదురు తుడుచుకుని, మూలన చాయ్ తాగుతున్న భద్రమ్మ వైపు తిరిగింది. "గుంత ఒక్కటేనా వదినా, ఇంకొకటి గూడనా?"

భద్రమ్మ చాయ్ కప్పు కింద పెట్టింది. గది ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. కిటికీ పక్కన, ఎండ పడే చోట కాలితో గీత గీసింది.

"రెండు," అంది.