చాకొలెట్ కుండ పగలగొట్టే వంతు

మా పేట ముసలివాళ్ళ భోజనశాల తలుపు మీద ఆ కాగితం సోమవారం వెలిసింది. నా చూపు అంతంత మాత్రమే అయినా, అంతంత లావు అక్షరాలు కళ్ళజోడు లేకుండానే కనిపించాయి. "ఈ ఏడాది ఎస్కలాడ్ పండగ భోజనంలో చాకొలెట్ కుండ పగలగొట్టబడదు. భద్రత, శుభ్రత దృష్ట్యా ముక్కలు పొట్లాలు కట్టి పంచుతాము." కింద కొత్త మేనేజరు లొరిస్ సంతకం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఏడు ఆ వంతు నాది మరి.

వెనకటికి ఊరి గోడలెక్కి వచ్చిన శత్రువుల నెత్తిన మరిగే సూపు కుండతో సహా కుమ్మరించిందట మా జెనీవా ఇల్లాలొకామె. పద్నాలుగు మంది బిడ్డల తల్లి. ఆమె పేరు చెప్పుకుని ప్రతి డిసెంబరులో ఎస్కలాడ్ పండక్కి చాకొలెట్ కుండ చేస్తాం. లోపల బాదం ముద్దతో చేసిన చిట్టి క్యారెట్లు, క్యాబేజీలు. బల్ల దగ్గర అందరికన్నా పెద్దవాళ్ళు, అందరికన్నా చిన్నవాళ్ళు చేతులు కలిపి గుద్ది పగలగొట్టాలి. మధ్యవాళ్ళకు ముక్కలే. నాలుగేళ్ళప్పుడు మా తాత చేతిలో చెయ్యి పెట్టి ఒక్కసారి గుద్దాను. మరుసటేడు తమ్ముడు పుట్టాడు. అంతే, అప్పటినుంచీ మధ్యలోనే ఉండిపోయాను. ఈ భోజనశాలలో ఇన్నాళ్ళూ ఓగుస్త్ పెద్ద. మొన్న అక్టోబరులో ఆయన పోయాడు. నాకిప్పుడు తొంభై ఒకటి.

తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాను.

"పోయినేడు ఓగుస్త్ గారి చెయ్యి వాచింది, జర్మేన్ గారూ. ఇంకొకావిడ కళ్ళజోడుకు ముక్క తగిలింది. రేపు ఎవరి కన్నైనా పోతే జవాబు చెప్పాల్సింది నేను," అన్నాడు లొరిస్. మెత్తగానే అన్నాడు పాపం.

"ఓగుస్త్ ఆ వాచిన చేతిని వారం రోజులు ఊరంతా చూపించుకు తిరిగాడు నాయనా! జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు."

"రూలు రూలేనండి. చిన్నవాళ్ళ వంతుకు ఏటా వచ్చే బడిపిల్లల్ని కూడా రావద్దని చెప్పేశాం."

"సరేలే," అన్నాను. నేను సరేలే అన్నానంటే మా ఆయన బతికున్న రోజుల్లో ఇంట్లోంచి బయటికి పోయేవాడు. ఈ అబ్బాయికి ఆ సంగతి తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం పండగ భోజనానికి, కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచీ లాక్కుంటూ వెళ్ళాను. పైన ఉల్లికాడలు, కింద శాలువాలో చుట్టిన చాకొలెట్ కుండ, నా డబ్బుతో కొన్నది. లోపల వంటమనిషి నాదేజ్ పండగ కూరకని ముళ్ళ కాడలు ఒలిచి ఒలిచి నల్లబడిన వేళ్ళతో, మీగడ, చీజ్ వేసి కాల్చిన కూర పళ్ళాలు దించుతోంది. అందరి ముందూ ఒక్కో పొట్లం, ఎర్ర రిబ్బను కట్టి.

"ఏమిటే ఇది, పెళ్ళిలో పంచే మిఠాయా?" అంది నా పక్కన కూర్చునే ఇదా. దానికి ఎనభై తొమ్మిది.

నేను సూపు గిన్నె పక్కకు జరిపి కుండ బల్ల మీద పెట్టాను.

లొరిస్ పరుగున వచ్చాడు. "జర్మేన్ గారూ, దయచేసి అది తీసేయండి."

"తియ్యను. నన్ను తీసెయ్యాలంటే కుర్చీతో సహా మోసుకుపో."

"దానితో పాటు నన్ను కూడా," అంది ఇదా. "నేను బరువు, ముందే చెబుతున్నా."

కిటికీ దగ్గర బల్లవాళ్ళు పొట్లాలన్నీ పోగుచేసి, ఒక్కటీ విప్పకుండా అతని ముందు పెట్టేశారు. అప్పుడు ఇదాకు అసలు సంగతి తట్టింది.

"సరే గానీ, చిన్నవాళ్ళేరే? ఉన్నదంతా ఎండు కట్టెలమే."

"నాకు యాభై రెండు," అంది నాదేజ్. వడ్డించే అర్మెల్ ముప్పై నాలుగు అంది. అందరి కళ్ళూ లొరిస్ మీదికి తిరిగాయి.

"నీకెంతయ్యా?"

"ఇరవై ఎనిమిది," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. గదంతా గొల్లున నవ్వింది.

"నేను జెనీవావాణ్ణి కాదండీ, మాది లొసాన్!"

"బల్ల దగ్గర చిన్నవాడెవడని అడుగుతాం గానీ ఎక్కడ పుట్టావని అడగం. ఇలా రా."

"కళ్ళకు ఏమైనా తగిలితే..."

"అందరూ కళ్ళు మూసుకోండర్రా!" అని అరిచాను. నలభై మంది ముసలివాళ్ళు బుద్ధిమంతుల్లా చేతి రుమాళ్ళు మొహాల మీద కప్పుకున్నారు. అది చూసి అతనికి నవ్వాగలేదు. చెయ్యి ఇచ్చాడు.

"ఇలాగే నాశనమయ్యారు మన రిపబ్లిక్కు శత్రువులు!" అని, కుండ పగలగొట్టేటప్పుడు ఏటా అనే మాటను, నలభై గొంతులూ రుమాళ్ళ కిందినుంచి అరిచాయి. గుద్దాను. కుండ కదల్లేదు. ఎనభై ఏడేళ్ళు ఎదురు చూశాను గాని, చేతిలో బలం మిగుల్చుకోవడం మరిచాను.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుమాళ్ళున్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు, అతనొక్కడే చూశాడు. "నాలుగేళ్ళప్పుడు మా తాతతో కలిసి గుద్దితే పగిలిందయ్యా," అన్నాను.

"తాతగారు ఎలా పట్టుకున్నారు మీ చెయ్యి?" అని మెల్లగా అడిగాడు.

"నా పిడికిలి కింద, తన పిడికిలి పైన."

లొరిస్ తన పిడికిలి నా దాని మీద పెట్టాడు. ఈసారి ఇద్దరం కలిసి దించాం. కుండ నాలుగు చెక్కలై ఎగిరింది. ఒక చెక్క నేరుగా వెళ్ళి ఇదా సూపులో పడింది.

నా చిటికెన వేలు కమిలింది. వారం రోజులుగా అందరికీ చూపిస్తున్నాను. తలుపు మీది కాగితం ఇంకా అలాగే ఉంది, ఉండనీ. ఇదా రోజూ నా ఆరోగ్యం ఎలా ఉందని మరీ శ్రద్ధగా అడుగుతోంది. వంతు తనదే కదా తర్వాత.

"ఆశపడకు," అన్నాను. "వచ్చే ఏడు కూడా నేనే."