మూడో పూట పాలు

బేరగాడు భూమన్న పదిగంటలకు వస్తానన్నాడు. ఎనిమిదింటి నుంచే సత్యానందం కొట్టానికీ గేటుకీ మధ్య తిరుగుతున్నాడు. కూర్చుంటే లేస్తాడు. లేస్తే ఎందుకు లేచాడో తెలియదు. నీళ్ల తొట్టి నిండుగానే ఉన్నా మళ్లీ నింపాడు. కోడలు ఆశా పెండ ఎత్తుతూ అతని వైపు చూడలేదు. ఆవును అమ్మొద్దని ఆమె నిన్న ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పే మనిషి కాదు. కొడుకు ఎజ్రా నిజామాబాద్‌లో ఆసుపత్రిలో పని చేస్తూ ఆదివారాలకే వస్తాడు, వాడికి ఇవేవీ పట్టవు.

ఆవు ఈని మూడు వారాలు కాకముందే సత్యానందం భార్య గంగవ్వ పోయింది. ఉన్నన్నాళ్లూ ఆమె రోజుకు మూడు పూటలు పిండేది. పాల కేంద్రం పొద్దున, సాయంత్రం మాత్రమే తెరుస్తారు కాబట్టి మధ్యాహ్నం పాలు ఊళ్లో ఇళ్లకు పోయేవి. చెరుకు చేలో కలుపు తీస్తున్నా సరే, ఒంటిగంటకు కొడవలి పడేసి ఇంటికి పరుగెత్తేది. కూలీలు నవ్వేవారు. ఆవు మాత్రం పద్నాలుగు లీటర్లు ఇచ్చేది.

ఆమె పోయాక చర్చి ఆడవాళ్లు నలభై రోజులు మధ్యాహ్నం పూట ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. మొదటి రోజే, ప్రార్థన మధ్యలో, కొట్టంలోంచి బకెట్లో పాలధార పడుతున్న చప్పుడు వినిపించింది. సత్యానందం లేచి వెళ్లి ఆశా చేతిలోని బకెట్ లాక్కున్నాడు. చావు జరిగిన ఇంట్లో ప్రార్థన వేళ ఇదేం పనని కసిరాడు. పొదుగులో పాలు ఎక్కడికీ పోవని, సాయంత్రం కలిపి పిండుకోవచ్చని చెప్పాడు. అందరూ దాన్ని భక్తి అనుకున్నారు. నిజానికి ఆ చప్పుడు వింటే గంగవ్వ కొట్టంలోనే ఉన్నట్టు ఉండేది. అది అతను ఓర్చుకోలేకపోయాడు.

నలభయ్యో రోజుకు ఆవు పది లీటర్లకు దిగింది. మళ్లీ మధ్యాహ్నం పిండడం మొదలుపెట్టి రెండు వారాలైనా అర లీటరే పెరిగింది. అతను ముందు దాణా అమ్మినవాణ్ని తిట్టాడు. తర్వాత మేతకు తెచ్చిన చెరుకు ఆకును తిట్టాడు. తర్వాత ఆశా మీద పడ్డాడు. పాలు దాచి కాలువ అవతలి నీ స్నేహితురాలు కల్యాణి ఇంట్లో పోస్తున్నావని పాల కేంద్రం దగ్గర నలుగురి ముందు అన్నాడు. ఆ రోజే భూమన్నకు ఫోన్ చేశాడు.

నిన్న పశువుల డాక్టరమ్మ వినీత వచ్చి పొదుగు పట్టి చూసింది. రోగం లేదంది. ఎన్ని పూటలు పిండారని అడిగింది. ఆశా తల దించుకుంది. మామే చెప్పాల్సి వచ్చింది.

"గదే మరి," అంది వినీత. "పాలు పొదుగుల నిండి నిలవడితె లోపల కొత్త పాలు తయారగుడు తగ్గుతది. ఈనినంక మొదటి రెండు నెలలే అసలు దినాలు. అప్పుడు పూటలు తగ్గిస్తె ఈ ఈతల మునుపటి లెక్క ఇయ్యది. మల్ల ఈనితె ఇస్తది. ఆవుది తప్పేం లేదు, దాణాది లేదు."

భూమన్న పదకొండుకు వచ్చాడు. ఆవు పళ్లు చూశాడు, వీపు నిమిరాడు, చన్నులు పట్టి చూశాడు.

"పాలెన్నిస్తదే, అన్నా?"

పద్నాలుగు అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వెనక ఆశా చీపురు చప్పుడు ఆగింది.

"పదిన్నర," అన్నాడు సత్యానందం. "పద్నాలుగు ఇస్తుండె. నలబై దినాలు నేనే మద్యానం పిండనియ్యలే. పిల్ల పిండుతుంటె బకెట్ గుంజుకున్న. పాలు దొంగతనం చేసిందని మల్ల పిల్ల మీదనే ఏసిన."

భూమన్న నవ్వాడు. "అమ్మెటోడు ఎవడన్న గిట్ల చెప్తడానె? పదిన్నర లెక్కన ఇస్తవా మరి?"

"ఇయ్య."

"మరి నన్నెందుకు పిలిసినవ్?"

"అప్పుడు తెల్వదు."

పెట్రోలు దండగైందని గొణుక్కుంటూ భూమన్న బోధన్ రోడ్డు ఎక్కాడు. సత్యానందం కోడలి వైపు తిరిగాడు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"గీ మాట భూమన్నకెందుకు, మామా?" అంది ఆశా. "పాల కేంద్రం కాడ అన్నవ్. ఆడనే అను."

ఆమె బకెట్ కడగడానికి వెళ్లిపోయింది. కేంద్రం సాయంత్రం అయిదుకు గాని తెరవరు. సత్యానందం కండువా భుజాన వేసుకున్నాడు, తీశాడు, మళ్లీ వేసుకుని గేటు దాటాడు.