ముడి వేయకూడని పోగు

ప్రతి సంతరోజూ యర్రయ్య పకోడీలు కొనేది కాగితం కోసమే. పకోడీలు దారిలో అయిపోయేవి, కాగితం ఇల్లు చేరేది. కొండ కిందున్న ఆసుపత్రి ల్యాబులో సీసాలు కడిగే ఉద్యోగం అతనిది. కడిగేవాటిలో ఏముందో తెలియకపోతే ఎలా అని, పొట్లాలుగా చిరిగిన సైన్సు పుస్తకాలతో చదువు మొదలెట్టాడు. దాంతో గుండెకాయ గురించి అతనికి ఎడమ సగమే తెలుసు. కుడి సగం ఎవరో బజ్జీలతో పట్టుకెళ్ళిపోయారు. "నా బుర్రలో నూనె మరక లేని పాఠం ఒక్కటీ లేదు" అని తనే చెప్పి, వినేవాళ్ళకంటే ముందే నవ్వేవాడు.

ఆ వారం దొరికిన కాగితం మాత్రం అతన్ని రెండుసార్లు చదివించింది. మన ఒంట్లోని కణాల్లో ఆర్‌ఎన్‌ఏ అనే పోగు ఉంటుందట. అది కబుర్లు మోసే జవాను మాత్రమేనని చాలాకాలం అనుకున్నారట. తీరా చూస్తే కొన్ని పోగులు తమంతట తామే మడతపడి, కత్తిలా మారి, తమకు సరిపోయే ఇంకో పోగును సరిగ్గా ఒక్కచోట కోస్తాయట. కోశాక కూడా అరగకుండా మరోదాని మీదికి పోతాయట. వైరస్ కూడా చాలావరకు ఇలాంటి పోగే కాబట్టి...

అక్కడ కాగితం చిరిగింది.

అరుగు మీద అడ్డతీగ నార తీస్తున్న అత్త చిన్నమ్మలుకు అదంతా చదివి వినిపించాడు.

"దానికి రైబోజైమ్ అని పేరెట్టారత్తా. నువ్వు పేనేది అలాంటిదే."

"పేరెట్టినోలు సల్లగుండాల. మరి ఆలకి పేనడం వచ్చునా?"

"ఏమో, అక్కడ పకోడీ అతుక్కుంది."

చిన్నమ్మలు పేనిన పోగు దానంతటదే కదిలి కోస్తుందన్నది గూడెంలో అందరికీ తెలిసిందే, వానాకాలంలో జలగలుంటాయన్నంత మామూలుగా. మేకల తాళ్ళు చిక్కుపడితే ఆమెను పిలిచేవారు. చిక్కు వరస చూసి, పసుపు, బొగ్గు, ఎర్రమట్టి, ఆకుపసరు అద్దిన నారలతో దానికి ఎదురు వరస పేనేది. పోగు పోయి, కోయాల్సిన చోట కోసి, ఊరుకునేది. ఆమె కాఫీ తాగి వచ్చేసేది.

శ్రావణంలో గూడెంలోకి జ్వరం వచ్చింది. మణికట్టు దగ్గర ఎర్రటి చుక్కల వరసగా మొదలై పైకి పాకేది. చుక్క తేడా లేకుండా అదే వరస రెండో చేతి మీద మళ్ళీ పుట్టేది, ఎవరో చూచిరాత రాస్తున్నట్టు. నాలుగోనాటికి యర్రయ్య పెళ్ళాం బేబికి వరస గొంతుదాకా వచ్చింది.

"వైరస్సు, యర్రయ్యా. దీనికి విడిగా మందు లేదు. నీళ్ళు పట్టిస్తూ వెంటనే కిందికి దించు" అన్నాడు డాక్టరు ఫోన్లో. ఘాటు రోడ్డు మీద కొండచరియ పడి ఉంది. మట్టి తీసే యంత్రం ఎల్లుండి వస్తుందట.

చిన్నమ్మలు కూతురి చేతిని వెలుగులోకి తిప్పి చూసింది. "కనుబొమ దాటితే మనకి దక్కదు" అంది. వేళ్ళకు ఆకు తొడుగులు పెట్టుకుని, తొడ మీద ఆకు పరుచుకుని, చుక్క చుక్కకీ ఎదురు రంగు ఎంచుతూ పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా పేనింది. పేనిన పోగును ఆకుతో సహా అల్లుడికి ఇచ్చింది.

"సెమట సెయ్యి తగలనీకు, సెమట పోగుని తినేస్తాది. బేబి సేతిమీద ఊరికే ఒగ్గీ, అంతే. నడుం పట్టేసినాది, అలగ వాలొస్తాను."

యర్రయ్య ల్యాబు గ్లవ్సు తొడుక్కున్నాడు. చెమట తగలనీయలేదు. కానీ జ్వరానికి దారమంటే ఆ కొండల్లో మూడు ముళ్ళు. తన చిన్నప్పుడు తల్లి అలాగే కట్టింది. అతని చేతులు కాగితాలు చదివిన చేతులు కావు. కొండదేవతకి ఒకటి, పెద్దలకి ఒకటి, బేబికి ఒకటి వేసి, ఆమె మణికట్టుకు లోటు లేకుండా బిగించాయి.

పోగు నీళ్ళు లేని చేపలా ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది.

"ముడేసినావేటి!" చిన్నమ్మలు వచ్చి చూసి తల పట్టుకుంది. "మడత పడితేనే గదా అది కత్తి! ముడేస్తే దారం. నీ కాయితంలో రాయనేదా?"

"రాశారత్తా. నీకు చదివింది కూడా నేనే."

"ఇంకోటి పేనడానికి పొద్దు నేదు. అదిగో, సెంపకొచ్చేసినాది. బేగి ఇప్పు!"

గ్లవ్సు వేళ్ళు జారిపోతున్నాయి. యర్రయ్య రెండు ఇంజెక్షను సూదులు తీసుకుని ముళ్ళలోకి దించాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఒక్క బొట్టు పోగు మీద పడితే అయిపోయినట్టే. మొహం పక్కకి తిప్పి, కొసకంటితో చూస్తూ విప్పాడు. మొదటి ముడి వదిలింది. రెండోదీ వదిలింది. చుక్కలు కంటి కిందికి వచ్చాయి. పొరుగింటి సోములమ్మ గుమ్మంలో నిలబడి, "మా ఆవుకాలి తాడు సిక్కుకైతే ఇంతసేపు పట్టనేదు" అంది. మూడో ముడి ఊడింది.

పోగు కాసేపు ఊపిరి తీసుకున్నట్టు పడుకుంది. తర్వాత మెల్లగా మధ్యలో వంగింది. ఒక పాయ మీదికి ఇంకో పాయ వచ్చి, నిద్రలో చేతులు ముడుచుకున్నట్టు మడతపడింది. పసుపు తన చుక్కను వెతుక్కుంది, బొగ్గు తన చుక్కను వెతుక్కుంది. బేబి చర్మం మీద రంగులన్నీ ఒక్కొక్కటే కుదురుకుంటూంటే యర్రయ్యకు చేతిలోని సూదులు గుర్తులేవు. ఒంటికి కంటిచూపు తప్ప ఇంకేమీ మిగలలేదనిపించింది. చప్పుడు లేదు. వరస సరిగ్గా ఒక్కచోట తెగింది. తెగిన రెండు ముక్కలూ, ఎండకు మంచు పోయినట్టు, అటూ ఇటూ ఆరిపోయాయి. పోగు అరగలేదు. రెండో చేతి మీదికి పాకింది. అక్కడా కోసింది. మెడ దగ్గర, చెంప దగ్గర, కంటి కింద కోసింది.

చివరి చుక్క కనుబొమ అంచున ఆగి, మాసిపోయింది.

బేబి కళ్ళు తెరిచింది. గంజి తాగింది. తన పక్కనించి మంచం దిగి, గడప దాటుతున్న పోగును చూసింది.

"అదెటు పోతంది?"

"ధనరాజు ఇంటికి లాగుంది. అతనికీ ఇదే జ్వరం" అన్నాడు యర్రయ్య. ఇంకా కూర్చునే ఉన్నాడు.

"వాన పడతంటే అలగ సూత్తావేటయ్యా? దాని రంగులు కరిగిపోవా? గొడుగట్టుకెల్లు!"

ఆ తిట్టుకు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొడుగు తీసుకుని పరుగెత్తాడు. వానలో, బురదలో, పోగుకు గొడుగు పట్టి, దాని వేగానికి తగ్గట్టు వంగి వంగి నడిచాడు. వీపు నిలువునా తడుస్తోంది. ఎదురొచ్చిన వాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ధనరాజు ఇంటి తలుపు అప్పటికే తీసి ఉంది.