అంచున ఉన్నవాళ్ళకే

కొడుకు నడిపే లాండ్రీ వెనక గదిలో బట్టలు మడతపెట్టే పెద్దావిడకు షుగరు రాలేదు గానీ, వచ్చే దారిలో ఉందని డాక్టరమ్మ తేల్చింది. అలా అంచున ఉన్నవాళ్ళను పోగుచేసి ఆసుపత్రి వాళ్ళు సాయంత్రాలు ఆటస్థలంలో నడిపిస్తున్నారు. ఈవిడను కూడా పంపి తీరాలని కొడుకుతో గట్టిగా చెప్పింది. ఎవరి మాటా వినని కొడుక్కి డాక్టర్లంటే మాత్రం భయం. సరేనన్నాడు.

భర్త పోయాక ఆవిడ వీధి మొహం చూసింది అప్పుడే. మొదట్లో ఆయాసపడింది. పోను పోను మోకాళ్ళు మాట విన్నాయి, కంటినిండా నిద్ర పట్టింది. అన్నిటికన్నా, ఒక జత దొరికింది. రిటైరైన బస్సు కండక్టరమ్మ. పోయిన మొగుడి గురక దగ్గర్నుంచి కోడలి అలకల దాకా ఆవిడ వరస పెట్టి చెబుతుంటే, పెద్దావిడ నవ్వలేక డొక్కలు పట్టుకుని ఆగిపోయేది. ఇంట్లో ఆ నవ్వు విన్నవాళ్ళు లేరు.

వానలు వెనకబట్టాక మళ్ళీ రక్తం తీశారు. షుగరు మామూలుకు వచ్చింది. నర్సు మెచ్చుకుని, ఇక రానక్కర్లేదని, ఆ చోటు కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారని చెప్పింది.

"నీ స్టాపు వచ్చేసింది వదినా, దిగు," అంది కండక్టరమ్మ. నవ్వించబోయింది గానీ ఈసారి పెద్దావిడ నవ్వలేదు.

"తగ్గిందిగా అత్తయ్యా, ఇక షికార్లు చాలు," అని కోడలు దుప్పట్ల మూట తెచ్చి ముందు పడేసింది. పోనీ ఒక్కదాన్నే కాసేపు నడిచొస్తానని కొడుకును అడిగితే, జబ్బు లేని మనిషికి మందెందుకని ఇస్త్రీ చేస్తూనే అన్నాడు.

ఆ మాటే ఆవిడ పట్టుకుంది. జబ్బుంటేనే గడప దాటనిస్తారన్నమాట. అయితే కాస్త తెచ్చుకుంటే సరి. పెద్దది అక్కర్లేదు, అంచు దాకా చాలు. కోడలు అటు తిరగగానే డబ్బాలోంచి పంచదార గుప్పిట్లో తీసి నోట్లో పోసుకునేది. టీ గ్లాసు అడుగున కరగకుండా మిగిలేంత వేసుకునేది. ఎంత తింటే ఎంత పెరుగుతుందో ఎవరిని అడుగుతుంది? కూరలో ఉప్పు చాలిందో లేదోనని వేసినట్టు, ప్రతిరోజూ ఇంకాస్త వేసుకుంది.

దాహం మొదలైంది. చూపు మసకేసింది. ఆవిడకు లోలోపల సంతోషమే. ఆసుపత్రికి తీసుకుపొమ్మని తనే అడిగింది.

డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు తిప్పి చూసింది.

"అంచు ఎప్పుడో దాటేశారమ్మా. ఇప్పుడిది షుగరే."

"మరి ఆటస్థలానికి ఎప్పట్నుంచి రమ్మంటారు?"

అది అంచున ఉన్నవాళ్ళకేనని, వచ్చేసినవాళ్ళకు కాదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మాత్రలు రాసింది. నడక మాత్రం మానకూడదని, ఎలాగైనా రోజూ నడిపించమని కొడుకుకు అప్పజెప్పింది.

అతను ఆ మాట జవదాటలేదు. దుకాణానికీ వెనక గదికీ మధ్య మూటలు మోసే ఆడమనిషిని మర్నాడే మాన్పించాడు.

"డాక్టరమ్మ నడవమంది కదమ్మా. ఇకనుంచి మూటలు నువ్వే మొయ్యి."

ఆవిడ మొదటి మూట నెత్తికెత్తుకుంది. దారికి అడ్డం లేకుండా కోడలు తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.