బంగారమ్మ కోర్సు ప్లాన్

ఆ కాగితాన్ని నాలుగోసారి దిద్దుతున్నాను. బీఏ పొలిటికల్ సైన్స్, ఆరు సెమిస్టర్లు. దేంట్లో ఏ పేపరు చదువుతారో ముందే రాసి, విద్యార్థి సంతకంతో సాయంత్రం ఐదింటిలోగా ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. విద్యార్థి పేరు బంగారమ్మ. నా ఎదురుగా కూర్చుని దిద్దిస్తున్నది మాత్రం ఆమె మొగుడు చిన్నారావు.

“మొదటి సెమిస్టర్లో మాకు రాజ్యాంగం వద్దండి మేడం. లావు పుస్తకం.”

“అది తప్పనిసరి పేపరండీ. వద్దనడానికి మీకూ లేదు, నాకూ లేదు.”

“పోనీ మూడో దాంట్లో పెట్టీండి. ఈ ఏడు మాకు వార్డులో నాలీలు, మురిక్కాలవల పనులున్నాయి.”

మాకు అంటే ఎవరికి అని అడగడం మానేసి గంటయింది. రాయపూర్ శివార్లలో ఫ్యాక్టరీల పక్కనున్న బస్తీకి బంగారమ్మ కౌన్సిలర్. ఇక్కడ పార్షద్ అంటారు. ఆడవాళ్లకు కేటాయించిన వార్డు కాబట్టి పోటీ ఆమె పేరు మీద చేశారు. మీటింగులు, ఫోన్లు, పోస్టర్ మీద పెద్ద ఫొటో మాత్రం చిన్నారావువి. ఇలాంటి మొగుళ్లను పార్షద్ పతి అంటారు. నేను పాఠం చెప్పే ఏ పుస్తకంలోనూ ఆ పదవి లేదు. వచ్చే ఎన్నికల్లో డిగ్రీ ఉన్నవాళ్లకే టికెట్టని పార్టీలో ఎవరో అన్నారట. అంతే, పెళ్లాన్ని వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వాళ్లది శ్రీకాకుళం. నేను ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగుదాన్ని. అందుకని కాలేజీవాళ్లు ఈ తలనొప్పిని నాకే తగిలించారు.

మూడో ఏడాదిలో ఒక పేపరు మన ఇష్టం. అంతర్జాతీయ సంబంధాలు గానీ, స్థానిక సంస్థల పాలన గానీ తీసుకోవచ్చు. చిన్నారావు ఆలోచించనైనా లేదు.

“అంతర్జాతీయం రాయండి. పోస్టర్ మీద బాగుంటాది.”

“ఆవిడకి ఏది ఇష్టం?” అన్నాను, అతని వైపే చూస్తూ.

“దానికేటి తెలుస్తాదండి. వార్డు పనంతా మేమే సేస్తుంటే మళ్లీ ఆ పేపరు సదవడం దేనికి?”

ఒళ్లు మండింది, అయినా రాశాను. ఇంతలో అతని ఫోన్ మోగింది. “హాఁ జీ, పార్షదే మాట్లాడుతున్నా,” అని హిందీలో అంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్న బంగారమ్మ కాగితం మీద వేలు పెట్టింది. “అది కొట్టీసి, ఆ రెండోది రాయమ్మా.”

గంటసేపట్లో ఆమె గొంతు వినడం అదే మొదలు. సిగ్గేసింది. ఆమెకేం కావాలో కూడా మొగుణ్ణే అడిగినదాన్ని కదా.

“ఎందుకని?”

“రెండేళ్ల కింద మా గల్లీలో బోరు పీకీసి పక్క కాలనీలో ఏసినారు. పార్షదే రాసిచ్చిందట. ఆడోళ్లందరూ ఆ కాగితం జిరాక్సు తెచ్చి నా ముఖాన పెట్టినారు. చూస్తే నా పేరే ఉంది. ఆ సంతకం ఎప్పుడు పెట్టినానో నాకు గుర్తు లేదు. ఆయన పెట్టమన్న చోటల్లా పెడతాను కదా, అందులో కలిసిపోయుంటాది. అప్పటినుంచి బిందె పట్టుకుని టాంకర్ కాడికెళ్తే నాతో ఒక్కర్తీ మాట్లాడదు. ఇకమీదట ఏ కాగితం ఏటో తెలుసుకుని పెడదామని.”

కొట్టేసి, స్థానిక సంస్థల పాలన అని రాశాను. చిన్నారావు తిరిగొచ్చి చూసి ముఖం మాడ్చుకున్నాడు. కానీ అప్పటికి నాలుగున్నర. “సరే, అదీ ఇదీ ఒకటే, చలేగా, నడుస్తాది. సంతకం పెట్టీ,” అన్నాడు. ఆమె నాలుక కాస్త బయటపెట్టి, ఒక్కో హిందీ అక్షరమే దిద్దుతూ పేరు రాసింది.

ఆఫీసులో క్లర్క్ సందీప్ ప్లాన్‌నీ, పోయిన నెల ఇచ్చిన అడ్మిషన్ ఫారాన్నీ పక్కపక్కన పెట్టి తల అడ్డంగా ఊపాడు. సంతకాలు కలవలేదన్నాడు. ప్లాన్ మీదవి వంకర అక్షరాలు. ఫారం మీద ఒకే ఊపున రాసిన పేరు, దాని కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు.

“ఇటియ్యండి, నాను పెట్టీస్తాను. కలిసిపోతాది,” అన్నాడు చిన్నారావు, అప్పటికే పెన్ను మూత తీస్తూ.

నాకు అరవాలనిపించింది. సందీప్‌కి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. ఏదో ఒకటి కలిస్తే చాలు, లేదా ఆమె సంతకం ఇదేనని వేరే కాగితమేదైనా చూపించమన్నాడు.

బంగారమ్మ ఫైలు విప్పింది. పార్షద్ గుర్తింపు కార్డు మీద గీత, రెండు చుక్కలు. బ్యాంకు పుస్తకం మీదా అవే. పాన్ కార్డు మీదా అవే. ఒక్కొక్కటి తీసి బల్ల మీద పెడుతుంటే ఆమె చెయ్యి నెమ్మదించింది. అట్టడుగున ఓపెన్ స్కూల్ పన్నెండో తరగతి హాల్ టికెట్ ఉంది. దాని మీద వంకర అక్షరాలు.

“ఇది నాదే. పరీక్ష గదిలోకి ఆయన రాలేదు కదా,” అంది.

సందీప్ అదీ ప్లానూ కలిపి చూసి, చాలు, ఫారం మళ్లీ నింపి ఇవ్వమన్నాడు. ఆమె మాత్రం బల్ల మీదున్న కార్డుల వైపే చూస్తోంది.

“ఆ జిరాక్సు మీద కూడా కింద గీత ఉంది. చుక్కలు కూడా ఉన్నాయి,” అంది. “నా పేరుంటే నాదే అనుకున్నాను. బోరు కాగితం కూడా నువ్వేనా?”

చిన్నారావు గోడ గడియారం చూశాడు. “టైమైపోతంది. ముందు ఆ ఫారం సంగతి చూడు.”

ఆమె చూసింది. అతని పెన్ను తీసుకోకుండా నా పెన్ను అడిగి, కొత్త ఫారం మొత్తం తనే నింపి సంతకం చేసింది. ఐదింటికి పది నిమిషాలుంది. ఫారం పక్కన పెట్టి ప్లాన్ నా ముందుకి జరిపింది.

“ఆ పేపరు మూడో ఏడులో ఉందన్నావు కదమ్మా. అన్నాళ్లు ఆగలేను. ముందుకి జరపడానికవుతాదా?”

అవుతుందన్నాను. ఆ కాగితాన్ని ఐదోసారి దిద్దాను.