కలిసి బతికే చేపలు

చేపలు కొనేముందు సవిత నెలకు పైగా ఉత్త నీళ్లను పెంచింది.

అద్దాల తొట్టి అడుగున గులకరాళ్లు పరిచి, మూలకు ఫిల్టరు బిగించి, నీళ్లు నింపి, రాత్రింబగళ్లు బుడగలు రప్పించింది. చేపల మలినాన్ని కరిగించే సూక్ష్మజీవులు ముందుగా ఆ నీళ్లలో స్థిరపడాలని, ఆ తరువాతే చేపలు బతికి బట్ట కడతాయని బీఎస్సీ చదివిన ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చిపోయేవాళ్లకు తెలియదు. మాక్లూరు నుంచి వచ్చిన ఆడబిడ్డ తొట్టి దగ్గర చాలాసేపు వంగి చూసి, చేపలు మరీ సన్నవి కాబోలు, కళ్లజోడు తెచ్చుకోకపోతినని బాధపడింది.

తొట్టికి అనుమతి తేలికగా రాలేదు. భర్త ప్రేమ్‌కు గంజ్ మార్కెట్లో పసుపు కమీషన్ దుకాణం. అతని లెక్కలో చేప అంటే పులుసు. అత్త అంజవ్వకు ఉబ్బసం. ఇంట్లో నిలవ నీళ్లుంటే చెమ్మ చేరి ఆయాసం పెరుగుతుందని ఆమె వాదన. చాలా రోజుల తరువాత ఆమె ఒక్క షరతు మీద మెత్తబడింది. ఇంట్లో ప్రాణం పోవడం మంచిది కాదు కాబట్టి, ఒక్క చేప చచ్చినా తొట్టి గడప దాటాలి. కర్టెన్ల రంగు కూడా తనను అడగకుండా నిర్ణయమయ్యే ఇంట్లో అంతకు మించిన ఒప్పందం దొరకదని సవిత తలూపింది.

అందుకే చేపల ఎంపికలో ఆమె దేన్నీ అదృష్టానికి వదల్లేదు. గాంధీ చౌక్ వెనక సందులో చేపల దుకాణం నడిపే రయీస్‌ది మాత్రం విశాల హృదయం. అతని దృష్టిలో ప్రపంచంలోని చేపలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, ముఖ్యంగా కొన్నాక. సవిత నియాన్ టెట్రాలను ముచ్చటగా చూసి వదిలేసింది. తన బోరు నీళ్లకు బకెట్ల అంచున తెల్లగా పొర కడుతుంది, వాటికేమో లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్లు కావాలి. టైగర్ బార్బ్ పక్కవాటి తోకలు కొరుకుతుంది. ఏంజెల్ ఎదిగాక చిన్నవాటిని మింగుతుంది. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీళ్లు కావాలి, పైగా దాని చెత్త అంతా ఇంతా కాదు. ఇట్లా ఒక్కొక్కదానికీ వంక చెబుతుంటే రయీస్ చేతిలోని వల పక్కన పెట్టేశాడు.

"మా అత్తగారోళ్లు పిల్లనిచ్చేటప్పుడు గూడ గిన్ని పూఛ్‌తాఛ్ చెయ్యలే అక్కా."

"చేసుంటే ఇయ్యకపోతుండె తమ్మీ" అని సవిత మళ్లీ తొట్ల వైపు తిరిగింది.

చివరికి మగ గప్పీలు, ప్లాటీలు, చారల డానియోలు, అడుగున తిరుగుతూ మిగిలిన మేత ఏరుకునే కోరీలు ఇంటికి వచ్చాయి. పైన తిరిగేది పైన, కింద తిరిగేది కింద. ఎవరి జోలికి ఎవరూ పోలేదు. కొన్నాళ్లకు ప్రేమ్ కూడా అన్నం తిన్నాక ఫోను పక్కన పడేసి తొట్టి ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు.

అంతలో మృగశిర వచ్చింది. ఏటా ఆ రోజున అంజవ్వ తన చిన్నకొడుకును, ప్రేమ్ తమ్ముణ్ని, వెంటబెట్టుకుని చేప మందుకు హైదరాబాద్ పోతుంది. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి, ఆ పిల్లను అట్లాగే గొంతులోకి జారవిడుస్తారు. మొదటిది చేజారితే అక్కరకు వస్తుందని అంజవ్వ ఎప్పుడూ రెండు పిల్లలు కొంటుంది. ఈసారి మొదటిదే చక్కగా దిగిపోయింది. రెండోది నీళ్ల కవరులో, ఆమె ఒళ్లో కూర్చుని, బస్సులో నిజామాబాద్ వచ్చింది.

మరునాడు పొద్దున సవిత తొట్టిలో లైటు వేసేసరికి, అలంకారానికి పెట్టిన చెక్కముక్క నీడలో వేలెడంత నల్లటి చేప కదలకుండా నిలబడి ఉంది. పాము తల, ఒంటి మీద చారలు. గప్పీలు దాని ముందునుంచే రంగురంగుల తోకలు ఊపుకుంటూ పోతున్నాయి.

అంజవ్వ దాచలేదు. మందుకని తెచ్చిన జీవాన్ని వండుకుంటే పాపం, పారేస్తే పాపం, కాలువలో వదిలితే ఎవడో ఒకడు వల వేస్తాడు. ఇంట్లో ఇంత నీళ్లుండగా దానికి ఇంకెక్కడ చోటు వెతకాలని ఎదురు అడిగింది. కొర్రమీను తన నోట్లో పట్టినదాన్నల్లా మింగుతుందని సవిత నెమ్మదిగా చెప్పింది. ఈ మాట అంజవ్వకు సిద్ధాంతరీత్యా నచ్చలేదు.

"మేం అయిదుగురం తోడికోడండ్లం ఒక్క పొయ్యి మీద వండుకున్నం. ఒకరినొకరం మింగినమా? కలిసుంటే అన్నీ అలవాటైతయ్."

ఆ అయిదుగురిలో ఇద్దరు బతికినంత కాలం మాట్లాడుకోలేదని, ఒకామె వర్నిలోని పుట్టింటికి పోయి మళ్లీ రాలేదని సవిత విన్నది. కానీ ఇప్పుడు చర్చ చేపల గురించి. ప్రేమ్ తల్లినీ భార్యనూ కాకుండా ఫ్యానును చూస్తూ, చిన్న పిల్లే గదా అని తీర్పు చెప్పాడు.

చిన్న పిల్ల పెరిగింది. ముందు డానియోలు పలచబడ్డాయి. తరువాత గప్పీలు. సవిత ఈ సంగతి ఎత్తితే అంజవ్వ స్టూలు జరుపుకుని తొట్టినంతా కలియజూసింది.

"సచ్చిందేదో సూపెట్టు."

చూపెట్టడానికి ఏమీ లేదు. కొర్రమీను శుభ్రమైన జీవి, రెక్క ముక్క కూడా మిగల్చదు. శవం లేదు కాబట్టి చావు లేదు. చావు లేదు కాబట్టి షరతు తప్పలేదు. తన తొట్టిని ఇంట్లో నిలబెడుతున్నదీ, అందులోని చేపలను ఖాళీ చేస్తున్నదీ ఒక్కటేనని సవితకు అర్థమైంది. ఇట్లాగే సాగితే దసరా నాటికి ఆమెకు తొట్టి మిగులుతుంది, లోపల ఆమెది ఏదీ మిగలదు.

పైగా ఆ వానాకాలం అంజవ్వకు ఆయాసం తగ్గింది. డాక్టరు మార్చిన ఇన్‌హేలరును రెండు పూటలా మరవకుండా పీల్పించింది సవితే. పేరు మాత్రం చేపకు పోయింది. అది సల్లగుంటే తను సల్లగుంటానని అంజవ్వ నమ్మకం. పొద్దున్నే తొట్టి పక్కన కూర్చుని ఇంటి ముచ్చట్లన్నీ దానికి చెప్పేది. ఇక దాన్ని బయటికి పంపే మాట ఎత్తడం దండగ.

చేప స్వభావం గురించి చెప్పి లాభం లేదని సవిత మానేసింది. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నది.

"అత్తమ్మా, కొర్రమీను మాటిమాటికి పైకొచ్చి నోరు తెరుస్తున్నది, సూసిండ్రా? గాలి కోసం."

అందులో అబద్ధం లేదు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీలుస్తుంది. అది దాని పుట్టుక తీరు, ఏ చెరువులో ఉన్నా అంతే. ఆ రెండో ముక్క సవిత చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అంజవ్వ కళ్లు చికిలించి చూసింది. చేప మెల్లగా పైకి వచ్చింది, నోరు తెరిచింది, గుటక వేసి కిందికి పోయింది. మళ్లీ వచ్చింది. అంజవ్వ చేయి తెలియకుండానే తన ఛాతీ మీదికి పోయింది.

"నా లెక్కనే ఎగపోస్తున్నదే" అన్నది చిన్నగా. "ఎందుకైతున్నది?"

"ఇరుకు. నలుగురిల ఉన్నది గదా."

సాయంత్రం ప్రేమ్ చెప్పులు విప్పకముందే, అంజవ్వ దానికి పెద్ద తొట్టి తేవాలని, వేరే పెట్టాలని చెప్పేసింది. ఆ ఇంట్లో వేరు అనే మాట అంతకుముందు ఎవరి నోటా రాలేదు. ప్రేమ్‌కు నమ్మబుద్ధి కాలేదు.

"కలిసుంటే అలవాటైతయంటివి గదనే అవ్వా?"

"కలిసుండుడు మనుషులకురా. గది మందు చేప."

సవిత వంటింట్లో పప్పు రుబ్బుతున్నది. మిక్సీ మోతలో ఆమె నవ్వు ఎవరికీ వినపడలేదు.

రయీస్ స్వయంగా వచ్చి పెద్ద తొట్టి దించాడు. కొర్రమీను ఎగిరి దూకుతుందని పైన బరువైన మూత పెట్టాడు. హాల్లో వాకిలికి ఎదురుగా, సోఫాను జరిపి మరీ దానికి చోటు చేశారు. ఇంటి మొత్తంలో ఎవరితోనూ పొసగనిదానికే అన్నిటికన్నా పెద్ద చోటు దక్కడం సవితకు వింతగా తోచలేదు. మిగిలిన నాలుగు గప్పీలు, ఒక ప్లాటీ, కోరీలు పాత తొట్టితో సహా వంటింటి గట్టు మీదికి, మిక్సీ పక్కకు వచ్చాయి. వాటికి తోడుగా ఆమె మళ్లీ డానియోలు తెచ్చుకుంది. ఈసారి రయీస్ ఏమీ అనకుండా ఆమె చూపించినవే పట్టి ఇచ్చాడు.

చేప పాపం ఒంటరిదైపోయింది, వచ్చే మృగశిరకు దానికో జోడు తేవాలని అంజవ్వ ఆలోచన చేస్తున్నది. హాలు సంగతి తనది కాదని సవిత అవునూ కాదూ అనలేదు. చుట్టాలు వస్తే అంజవ్వ ముందు కొర్రమీనును చూపించి దాని మహిమ చెబుతుంది. అంతా అయ్యాక వంటింటి వైపు చేయి చూపి, "అవి మా కోడలివి" అంటుంది.

ఆ ఇంట్లో ఒక వస్తువును కోడలిదని అనడం అదే మొదలు. ఆ మాట వచ్చేదాకా చుట్టాలు లేవకూడదని, సవిత చాయ్ కాస్త ఆలస్యంగానే తెస్తున్నది.