ఏడేండ్ల గ్రుడ్డు

శరదంతమున రక్తపల్లవశోభితవృక్షములు తటములఁ దళుకొత్త నిస్తరంగనీలసలిలమగు ఆశి సరస్సున ఫ్యూజీపర్వతశిఖరహిమధవళచ్ఛాయ ప్రతిఫలించుచుండ ఎదుటి గిరిగర్భమునుండి గంధకధూమము బుస్సుబుస్సుమని వెడలుచుండెను. అందముతోఁ బాటు దుర్గంధమును ఉచితముగ నొసఁగు చోటు మఱొకటి కలదా!

యాత్రికబృందముతో జపానుదేశపు హకోనే సీమకు వచ్చిన కాకినాడ విశ్రాంతోపాధ్యాయుఁడు చిదంబరశాస్త్రికి సరస్సుపైఁ జూపు నిలువలేదు. ఆ పొగలోయ వేఁడినీట నుడికి నల్లబడిన కోడిగ్రుడ్డు నొకదానిని భుజించిన ఏడేండ్లాయువు పెరుగునని అచ్చటివారి నానుడి. ఉబ్బసముచే నాలుగుమాఱులు ఆసుపత్రి పాలై బ్రతికి బయటపడిన భార్య మాణిక్యాంబకు దానిని తినిపింపవలెనని ఆయన పంతము. ఏడుతరములుగ నీచు సోఁకని యింటివాఁడు గ్రుడ్డునకై పరుగెత్తుట చూచితిరా! ఔషధమునకు దోషము లేదని తనకుఁ దానే శాస్త్రము చెప్పుకొనెను.

లోయముఖమునఁ గావలివాఁడు ఉబ్బసరోగులు రారాదను బొమ్మ చూపి ప్రశ్నింపఁగా శాస్త్రి "మాకట్టి రోగములు లేవు" అని చేయి యాడించెను. మాణిక్యాంబ ఆయన మొగము చూచెను. పదిమందిలో భర్తమాటకు అడ్డుచెప్పని పెంపకమగుటచే ఆయన వెంట లోయలోనికి నడచెను.

గ్రుడ్లమ్ము ముదుసలినుండి గ్రుడ్డు శాస్త్రి చేతికి వచ్చినంతనే గాలి తిరిగెను. పొగ మీఁదఁ గవియ మాణిక్యాంబ ఱొమ్ము పట్టుకొని కూలఁబడెను. ఊపిరిమందు ఏదీ? రోగము బయటపడునని శాస్త్రియే దానిని బస్సులో దాఁచి వచ్చెను. ఔరా, ఎంత తెలివి! ఆశ లావు పీక సన్నము.

"అమ్మా, రక్షింపుము! ఈమెకు ఉబ్బసము. నేను బొంకితిని!" అని శాస్త్రి యెలుగెత్తి యేడ్చెను. భాష తెలియకున్నను ఆ ముదుసలి యేడుపు నెఱిఁగి తడిగుడ్డ ఆమె ముక్కున కదిమి కావలివానిఁ బిలిచెను. ఇరువురును ఆమెను మోసికొని బస్సుకడకుఁ బరుగిడిరి. శాస్త్రి ప్రాణములు అరచేతఁ బెట్టుకొని వెంటఁ బోయెను.

మందు పీల్చిన కొంతసేపటికి ఆమె పెదవుల నీలిమ విడిచెను.

"ఏడేండ్లు తెచ్చెదనని ఏడు నిమిషములలో నన్నుఁ బంపివేయఁ జూచితిరి కదండీ."

"నీవు లేని యింట నెట్లుందునని భయపడితినే" అని ఆయన వెక్కి వెక్కి యేడ్చెను.

సరస్సున నౌకావిహారము ముగించి తక్కినవారు బస్సెక్కిరి. మార్గదర్శకుఁడు "ఱేపు కొండయెక్కుటకు అందఱును సిద్ధమేనా?" అని యడిగెను. అలవాటున శాస్త్రి "సిద్ధమే" అనెను.

"కాదు నాయనా. నాకు ఉబ్బసము. నేను రాను" అని మాణిక్యాంబ అందఱును వినఁ బలికెను.

శాస్త్రి తల వంచెను. ఆమె చేయి పట్టుకొనుటకై పిడికిలి విప్పఁగా నల్లని గ్రుడ్డు జాఱి ఆసనముల క్రిందికి దొర్లిపోయెను. ఎవ్వరును దానిని వెదకలేదు.